చేపకు మాత్ర వేసే ముందు నీళ్లు చూడండి

కూకట్‌పల్లి నుంచి ఒకరు అడిగారు. రెండడుగుల ట్యాంక్, పెట్టి మూడు వారాలైంది. అందులో రెండు గోల్డ్ ఫిష్, రెండు ఏంజెల్స్, ఆరు మోలీలు. గోల్డ్ ఫిష్ తోక చివర తెల్లబడి పీలికలవుతోంది. ఒక మోలీ మూతి దగ్గర దూది అంటుకున్నట్టు ఉంది. నిన్న ఒక ఏంజెల్ పోయింది. షాపాయన పేరు లేని పొట్లంలో పసుపు పొడి ఇచ్చి, ‘చిటికెడు వెయ్యి, తగ్గిపోతుంది’ అన్నాడట. ఇంట్లో నాన్నగారికి రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 500 మిల్లీగ్రాముల మాత్రలు మూడు మిగిలి ఉన్నాయి. ‘అన్నా, పొడి వేయాలా, మాత్రలు వేయాలా? ఎన్ని, ఎన్ని రోజులు?’ ఇదీ ప్రశ్న.

ఈ రాత్రికి రెండూ వద్దు. పొట్లం పక్కన పెట్టండి. మాత్రలు డబ్బాలోనే ఉండనివ్వండి. మీ చేపల్లో ఒకదానికి నిజంగానే యాంటీబయాటిక్ అవసరం పడవచ్చు, ఆ సంగతి కింద చెప్తాను. కానీ మీరు రాసిన వాటిలో నన్ను ముందు ఆపింది తోకా కాదు, మూతీ కాదు. ‘మూడు వారాలైంది’ అన్న మాట.

కొత్త ట్యాంక్‌లో చేపల మలం, తినకుండా మిగిలిన మేత కుళ్లి అమోనియా అవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే మంచి బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీ ఫిల్టర్ ఇంకా సగం దారిలో ఉంది, చేపలేమో నిన్నటి దాకా పది. గోల్డ్ ఫిష్ తిండికీ మలానికీ పెట్టింది పేరు. అంటే ఈ చేపలు కొన్ని రోజులుగా తమ మూత్రంలోనే తాము ఈదుతున్నాయి. అమోనియా మొప్పల్నీ, రెక్కల అంచుల్నీ, ఒంటి మీది జిగురు పొరనూ కాలుస్తుంది. ఆ పొర పోయిన చోట, మామూలుగా నీళ్లలో ఊరికే తిరిగే బ్యాక్టీరియా పాగా వేస్తుంది. మీకు కనిపిస్తున్న పీలికలు అదే.

మన హైదరాబాద్ నీళ్లతో ఇంకో చిక్కుంది. బోరు నీళ్ల పీహెచ్, అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, చాలా ఇళ్లలో 8 దగ్గర ఉంటుంది. అమోనియా విషం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. నీటి వేడి 28 డిగ్రీలు, పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషపు రూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. అదే పీహెచ్ 8 అయితే ఆరు వంతులు దాటుతుంది. ఎండాకాలంలో నీళ్లు 32కి చేరితే ఎనిమిది దాటుతుంది. అందుకే బెంగళూరు వాళ్లో, కేరళ వాళ్లో ‘మా ట్యాంక్‌లో ఇంతే అమోనియా, ఏమీ కాలేదు’ అంటే నమ్మి కూర్చోకండి.

రేపు పొద్దున చేయాల్సిన మొదటి పని అమోనియా, నైట్రైట్, పీహెచ్ చూడడం. చుక్కల టెస్ట్ కిట్ కొనండి, స్ట్రిప్స్ కంటే నయం. ఈలోపు, ఈ రాత్రే, మూడో వంతు నీళ్లు మార్చండి. అపార్ట్‌మెంట్ సంపులో జలమండలి నీళ్లూ, బోరూ, ట్యాంకరూ కలిసే ఉంటాయి కాబట్టి క్లోరిన్ ఉందో లేదో లెక్కలు వేసుకోకుండా యాంటీ క్లోరిన్ వేశాకే పోయండి. రేపు మళ్లీ మూడో వంతు, ఎల్లుండి మళ్లీ. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద ఉతకొద్దు. తీసిన ట్యాంక్ నీళ్లలోనే ఒకసారి పిండి వదిలేయండి. మేత రెండు రోజులు ఆపండి, చేపలకేమీ కాదు. తోక కుళ్లు కేసుల్లో సగం ఇక్కడే సర్దుకుంటాయి. కొత్త అంచు సన్నగా, గాజులా పారదర్శకంగా పెరగడం మొదలైతే మందు అవసరం లేదని అర్థం.

ఇది నాకు పుస్తకాల్లో తెలియలేదు. ఇరవై ఏళ్ల కింద చిక్కడపల్లిలో అద్దె ఇంట్లో ఉండేటప్పుడు ఆరు ఏంజెల్స్ పెంచాను. ఒకదాని రెక్క చిరిగింది. తెలిసినాయన ‘టెట్రాసైక్లిన్ వెయ్యి’ అన్నాడు. రెండు క్యాప్సూళ్లు విప్పి పసుపు పొడి ట్యాంక్‌లో పోశాను. సాయంత్రానికి ట్యూబ్‌లైట్ వెలుతురులో నీళ్లు పలచటి టీ డికాషన్ రంగుకు తిరిగాయి. ఎయిర్ స్టోన్ దగ్గర నురగ గడ్డ కట్టి మూత దాకా లేచింది. రెండో రోజు స్పాంజి తీసి వాసన చూస్తే కుళ్లిన గుడ్డు. మూడో రోజు ఆరూ పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. నేనేం చేశానంటే, జబ్బు ముదిరిందనుకుని ఇంకో క్యాప్సూల్ వేశాను. అయిదు పోయాయి. ఆ మందు ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపేసిందనీ, పైకి తేలడం అమోనియా వల్లేననీ నాకు రెండేళ్ల తర్వాత అర్థమైంది. బతికిన ఆరోది నాలుగేళ్లు ఉంది. ఆ చిరిగిన రెక్క దానిదే.

ఇక జబ్బు గుర్తుపట్టే సంగతి. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది. ఒళ్లంతా ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు ఉంటే అది ఇక్ అనే పరాన్నజీవి. మృగశిర కార్తె వచ్చి ఒక్కసారిగా వాతావరణం చల్లబడగానే ఊళ్లో సగం ట్యాంకుల్లో ఇదే కనిపిస్తుంది. దానికి ఏ మాత్ర వేసినా దండగ. గాయం మీద పొడుగాటి మెత్తటి పోగులు, నీళ్లలో ఊగుతుంటే ఫంగస్. దానికీ దండగే. తెల్లటి దారంలాంటి మలం, తల మీద గుంటలు ఎక్కువగా ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ పెంచేవాళ్ల గొడవ. అది వేరే కథ, వేరే మందు.

మీ మోలీ మూతి మాత్రం నాకు నచ్చలేదు. చాలామంది దాన్ని ఫంగస్ అనుకుంటారు కానీ పెదవుల చుట్టూ పొట్టిగా, చదునుగా, బూడిద తెలుపులో అంటుకుని ఉంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా అయ్యుండే అవకాశం ఎక్కువ. వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన పట్టీ కూడా దీని గుర్తే. ఇది వేడి నీళ్లలో విజృంభిస్తుంది. మే నెలలో ఒక్క రాత్రిలో చేపను తీసుకుపోవడం నేను చూశాను. ఇంటర్నెట్‌లో ‘జబ్బు చేస్తే హీటర్ పెంచు’ అని ఇక్ గురించి రాసింది చదివి దీనికీ అదే చేస్తే ఎదురు తన్నుతుంది.

కాబట్టి మోలీని ఈ రాత్రే వేరు చేయండి. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టబ్ చాలు, సబ్బు తగలనిదై ఉండాలి. లీటర్ వాటర్ బాటిల్‌తో కొలిచి పదిహేను లీటర్లు పోసి, ఆ ఎత్తు దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. ఎయిర్ స్టోన్ గట్టిగా వదలండి. అయోడిన్ లేని దొడ్డు ఉప్పు లీటరుకు 3 గ్రాముల లెక్కన 45 గ్రాములు, విడిగా కరిగించి గంటలో మూడు విడతలుగా పోయండి. ఉప్పు కాలమ్నారిస్‌ను బాగా అణుస్తుంది. మోలీకి ఉప్పంటే పండగ, అది సముద్రపు నీళ్లలో కూడా బతకగల చేప. టబ్ మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పితే నీళ్లు రెండు డిగ్రీల దాకా నెమ్మదిగా దిగుతాయి. ఐస్ వేయకండి. పెద్ద ట్యాంక్‌లో లీటరుకు ఒక గ్రాము ఉప్పు చాలు. నైట్రైట్ ఉంటే దాని దెబ్బనూ తగ్గిస్తుంది. టబ్‌లో ఫిల్టర్ ఉండదు కాబట్టి రోజూ సగం నీళ్లు మార్చి, తీసిన నీళ్లకు సరిపడా ఉప్పు మళ్లీ కలపాలి. పొటాషియం పర్మాంగనేట్ గురించి ఎవరైనా చెప్తే, మిల్లీగ్రాములు తూచే త్రాసు లేనివాళ్లు దాని జోలికి పోవద్దని నా అభిప్రాయం.

ఇరవై నాలుగు గంటల తర్వాత తెల్లటి మచ్చ పెరిగినా, ఇంకో చేపకు వచ్చినా, అప్పుడు యాంటీబయాటిక్ మాట మాట్లాడాలి. నీళ్లు శుభ్రంగా ఉన్నా పాకుతున్న ఎర్రటి పుండ్లు, రెక్కల్లో నెత్తుటి చారలు, రెండు కళ్లూ ఉబ్బడం ఉన్నప్పుడు కూడా అంతే. పొలుసులు దేవదారు కాయలా విచ్చుకుని పొట్ట ఉబ్బితే దాన్ని డ్రాప్సీ అంటారు. నిజానికి అది జబ్బు పేరు కాదు, లోపల కిడ్నీలు దెబ్బతిన్నాయనే సూచన. అప్పటికి మందు చాలావరకు ఆలస్యమే. ఆ దశలో ఐదు రకాల మందులు మార్చి మార్చి వేసి చేపను హింసించినవాళ్లను చూశాను, వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఏ మందు అన్నది ఇంట్లో ఏది మిగిలిందన్న దాన్ని బట్టి తేలదు. చేపలకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం, కాలమ్నారిస్ గానీ ఏరోమోనాస్ గానీ, గ్రామ్ నెగెటివ్ రకం (ల్యాబ్ రంగు పరీక్షలో బ్యాక్టీరియాను రెండు రకాలుగా విడదీస్తారు, ఇదొకటి, రెండోది గ్రామ్ పాజిటివ్). ఎరిత్రోమైసిన్ లాంటివి ప్రధానంగా గ్రామ్ పాజిటివ్ మీద పనిచేస్తాయి. షాపుల్లో అమ్మకాలు మాత్రం దానికి తక్కువేమీ లేదు. టెట్రాసైక్లిన్ జాతి పనికొస్తుంది కానీ నీళ్లలో వేస్తే మన బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి. సిప్రోఫ్లాక్సాసిన్‌దీ అదే గుణం. నాన్నగారికి ఆ మాత్ర రాసినప్పుడు ‘పాలతో వేసుకోవద్దు’ అని డాక్టర్ చెప్పే ఉంటారు, కారణం ఇదే. గీజర్ రాడ్డుకు తెల్లటి పొర కట్టే నీళ్లలో ఆ మాత్ర వేస్తే సగం మందు చేప దాకా పోనే పోదు. అప్పుడు బ్యాక్టీరియా చావదు, చావకుండా ఎలా ఉండాలో నేర్చుకుంటుంది.

ఇంకో సంగతి. మంచినీటి చేప నీళ్లు తాగదు, దాదాపు తాగదు. ఉప్పు ఒంట్లో ఎక్కువ, బయట తక్కువ కాబట్టి నీళ్లు దానంతట అవే చర్మం, మొప్పల ద్వారా లోపలికి వస్తుంటాయి. వచ్చినదాన్ని బయటికి పంపడమే దాని పని. అందుకని లోపలి ఇన్ఫెక్షన్‌కు ట్యాంక్‌లో మందు కలపడం కంటే, చేప ఇంకా తింటుంటే, మేతలో పెట్టడం ఎంతో మేలు. లెక్క చూడండి. అమెరికాలో మనుషులు తినే చేపలకు అనుమతించిన ఆక్సీటెట్రాసైక్లిన్ మోతాదు కిలో చేపకు రోజుకు 55 నుంచి 83 మిల్లీగ్రాములు, పది రోజులు. మీ గోల్డ్ ఫిష్ 20 గ్రాములు ఉందనుకుందాం, 75 లెక్కన వేస్తే రోజుకు ఒకటిన్నర మిల్లీగ్రాము. అది రోజుకు 0.4 గ్రాముల మేత తింటుంది. అంటే వంద గ్రాముల మేతలో 375 మిల్లీగ్రాములు కలిస్తే సరిపోయింది. పది రోజుల కోర్సు మొత్తానికి దాని ఒంట్లోకి పోయేది 15 మిల్లీగ్రాములు. మందు కొలిచి, కొద్దిగా జెలటిన్ నీళ్లతో మేతకు పట్టించి, నీడలో ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఆ డబ్బా మీద పెద్దక్షరాలతో రాయండి, పిల్లలున్న ఇల్లయితే మరీను. ఈ లెక్క మీకు ఎంత తక్కువ మందు సరిపోతుందో చూపించడానికే. మీ చేపకు ఏ మందు, ఎంత అన్నది వెటర్నరీ డాక్టర్ చెప్పాలి.

‘చేపకు డాక్టరా?’ అని నవ్వకండి. చేపలు చూసేవాళ్లు తక్కువే, ఒప్పుకుంటాను. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో, నారాయణగూడ పశువుల ఆసుపత్రికో ముందు ఫోన్ చేసి, చేపలు చూస్తారా, కల్చర్ పరీక్ష ఎక్కడ చేయించాలి అని అడగండి. ఖరీదైన చేపైతే, లేదా ఒకదాని తర్వాత ఒకటి పోతుంటే, పుండు నుంచి స్వాబ్ తీసి ఏ మందుకు లొంగుతుందో చూపించే ఆ పరీక్ష దాని డబ్బుకు తగినదే. ల్యాబ్‌లో ఒక మాట చెప్పండి, మనుషుల శాంపిల్ లాగా 37 డిగ్రీల దగ్గర పెట్టకుండా 25, 28 మధ్య పెంచమనండి. చేపల బ్యాక్టీరియా చాలా వరకు ఆ వేడికే పెరుగుతుంది. యాంటీబయాటిక్‌లు చీటీ లేకుండా అమ్మకూడదన్నది చట్టం. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే జాబితా కిందకు వచ్చిన మందులకైతే రోగి పేరుతో సహా రిజిస్టర్‌లో రాయాలి. మన గల్లీ మెడికల్ షాపుల్లో ఎంత నడుస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దొరికింది కదా అని వేయకుండా ఉండడం మాత్రం మన చేతిలో ఉన్న పని.

ఆ పసుపు పొడి సంగతి కూడా తేల్చేద్దాం. యాక్రిఫ్లేవిన్ అనే మందు నీళ్లలో పసుపే. టెట్రాసైక్లిన్ పసుపే. నైట్రోఫ్యూరజోన్ కూడా పసుపే, దాని జాతిని మన దేశంలో ఆక్వాకల్చర్‌లో వాడకూడదని నిషేధించారు. పొట్లంలో ఉన్నది ఈ మూడింట్లో ఏదో, లేక మూడూ కాదో షాపాయనకే తెలియకపోవచ్చు. పేరు, బలం, తేదీ లేనిదాన్ని తిరిగి ఇచ్చేయండి.

మొదలుపెడితే కోర్సు పూర్తి చేయాలి. చేప మూడో రోజుకే హుషారుగా తిరుగుతుంది, అక్కడే మనకు చేయి ఆగుతుంది. మెత్తటి బ్యాక్టీరియా ముందు చచ్చి, గట్టిది మిగిలిన రోజు అది. (నాన్నగారి మాత్రలు మూడు మిగిలాయంటే ఆయన కూడా కోర్సు మధ్యలో ఆపారేమో, ఒకసారి డాక్టర్‌ను అడగమనండి.) పది రోజులకు మాత్రలు లేవనుకుంటే మొదలే పెట్టకండి. మూడు రోజులు దాటినా ఏ మార్పూ లేకపోతే మోతాదు పెంచడమో, పైన ఇంకోటి కలపడమో చేయకుండా, మనం గుర్తుపట్టిందే తప్పేమోనని మళ్లీ మొదటి నుంచి చూడాలి. మందు వేసేటప్పుడు కార్బన్, అంటే నీళ్లు శుభ్రం చేయడానికి పెట్టే బొగ్గు, తీసేయాలి, లేకపోతే మందంతా అదే తాగేస్తుంది. టెట్రాసైక్లిన్ అయితే లైటు ఆపి టబ్ మీద గుడ్డ కప్పాలి, వెలుతురుకు చెడిపోతుంది.

కోర్సు అయ్యాక అదే కార్బన్‌కు పని. టబ్‌లో ఒకటి రెండు రోజులు తిప్పి, చేపను తీసేశాక, ఆ నీళ్లలో బ్లీచింగ్ కలిపి కొన్ని గంటలు ఉంచి, బాత్రూం కాలువలో పోయండి. కరివేపాకు కుండీలో కాదు, వంటింటి సింకులో అసలే కాదు.

‘ఇన్ని నీళ్లకు ఇంత ఆచారమా’ అనిపిస్తుంది. నిజమే, మన ఊరి సంగతి తెలిసినవాడెవడికైనా అనిపిస్తుంది. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మాత్ర వేసుకున్న మనిషి నెత్తుటిలో ఉండేదానికంటే ఎక్కువ. అది చదివి ప్రపంచం నోరు వెళ్లబెట్టింది. ఇప్పుడు మీ లెక్క చేద్దాం. రెండడుగుల ట్యాంక్, 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, నీటి ఎత్తు 13 అంగుళాలు. గుణించి 61తో భాగిస్తే సుమారు 61 లీటర్లు. అందులో మూడు మాత్రలు, 1500 మిల్లీగ్రాములు. లీటరుకు దాదాపు 25. ఆ కాలువను మీరు హాల్లో సోఫా పక్కన పెట్టుకుని, వారానికోసారి చేయి ముంచుతారన్నమాట.

మూసీని మీ పదిహేను లీటర్లు మార్చవు. భయపడాల్సింది ఇంట్లో. ట్యాంక్‌లో మందుకు మొండికేసిన బ్యాక్టీరియా మీ వేలి గాటులోకి రావచ్చు. విదేశాల నుంచి బ్రిటన్‌కు వచ్చిన రంగు చేపలనూ, అవి వచ్చిన సంచి నీళ్లనూ పరీక్షిస్తే అనేక మందులకు లొంగని ఏరోమోనాస్ దొరికిందని 2009లో ఒక పరిశోధన వచ్చింది. మన చేపలూ చెన్నై కొళత్తూరు నుంచో, కోల్‌కతా నుంచో సంచుల్లో మందు నీళ్లతోనే వస్తుండొచ్చు. అందుకే సంచిలోని నీళ్లు ట్యాంక్‌లో పోయొద్దు, వలతో చేపను మాత్రమే తీసుకోండి. కొత్త చేప నాలుగు వారాలు టబ్‌లో విడిగా ఉండాలి. చేతికి గాయముంటే గ్లవుజులు వేసుకోండి. చేపల టీబీ అని ఒకటుంది, మైకోబ్యాక్టీరియం మారినం. చేప చిక్కి, వెన్ను వంగి మెల్లగా పోతుంది, దానికి యాంటీబయాటిక్ వేసి ఫలితం ఉండదు. మనిషి వేళ్ల మీద వారాల తర్వాత మానని గడ్డలా వస్తుంది. అలాంటిది వస్తే చర్మం డాక్టర్‌కు ‘మా ఇంట్లో అక్వేరియం ఉంది’ అని మీరే చెప్పాలి, ఆయనకు తట్టకపోవచ్చు.

గోల్డ్ ఫిష్ రెండింటినీ, వాటి తోక మానాక, షాపులో తిరిగి ఇచ్చేయండి. చల్లటి నీళ్ల చేపలు అవి, ఏంజెల్స్‌తో కుదరదు. ఆ ట్యాంక్‌కు మోలీలు, ఒక ఏంజెల్ చాలు.

రేపు పొద్దున మూడు సంగతులు రాయండి. అమోనియా ఎంత, నీటి వేడి ఎంత, మోలీ మూతి మీద తెలుపు నిన్నటికంటే పెరిగిందా. ఈ రాత్రే టార్చ్ పక్క నుంచి వేసి ఒక ఫొటో తీసి ఉంచుకోండి, రేపు పోల్చుకోవడానికి. ఫ్లాష్ వద్దు, గాజు మీద మెరిసి ఏమీ కనపడదు.